హోర్డింగ్ రుగ్మత: వస్తువుల్ని వదులుకోలేని బాధ

హోర్డింగ్ రుగ్మత ఉన్నవారికి ఇంట్లోని వస్తువును బయటికి పంపాలంటే ప్రాణం ఒప్పదు. అది ఖరీదైనదా చవకదా, పనికొచ్చేదా పనికిరానిదా అన్న తేడా ఉండదు. పాత పేపర్లు, ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ డబ్బాలు, చిరిగిన బట్టలు, షాపు రసీదులు, ఆగిపోయిన గడియారాలు, ఎవరో పంపిన శుభలేఖలు, ఏవైనా సరే, పారేయాల్సిన క్షణం వచ్చేసరికి భయమో, దిగులో, తప్పు చేస్తున్నామన్న బాధో ముంచుకొస్తుంది. అది పడలేక వస్తువును ఉంచేసుకుంటారు. ఇలా ఏళ్ళ తరబడి ఉంచుకుంటూ పోగా మంచం మీద పడుకోవడానికి, పొయ్యి దగ్గర నిలబడి వండుకోవడానికి కూడా చోటు మిగలదు. బయటివారి కంటికి కనిపించేది సామాన్ల గుట్ట. వైద్యులు మాత్రం వదులుకోవడంలోని కష్టాన్నే రుగ్మతకు మూలంగా చూస్తారు, గుట్టను దాని ఫలితంగా లెక్కిస్తారు.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. వేర్వేరు సర్వేలను కలిపి 2019లో చేసిన ఒక విశ్లేషణ వయోజనుల్లో సుమారు 2.5 శాతం మందికి ఇది ఉంటుందని తేల్చింది. ఆ సర్వేలు సంపన్న దేశాలవి. ఆడవాళ్ళలోనూ మగవాళ్ళలోనూ దాదాపు ఒకే మోతాదులో కనిపించింది. తొలి లక్షణాలు తరచుగా 11–15 ఏళ్ళ వయసులోనే మొదలవుతాయి. గది సర్దే పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నంతకాలం విషయం బయటపడదు. ఇరవైల మధ్యకు వచ్చేసరికి రోజువారీ పనులకు అడ్డం తగులుతుంది, ముప్పైల మధ్యకు బతుకే ఇబ్బందిలో పడుతుంది. ఆపైన ప్రతి పదేళ్ళకూ మరింత ముదురుతుందే గానీ దానంతట అది తగ్గడం అరుదు. చికిత్సకు వచ్చేవారిలో యాభై ఏళ్ళు దాటినవారే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

రుగ్మతగా గుర్తింపు

మనిషికీ వస్తువుకీ ఉన్న బంధం గురించి మనస్తత్వ శాస్త్రం మొదటి నుంచీ మాట్లాడుతూనే ఉంది. విలియం జేమ్స్ 1890లో వెలువరించిన గ్రంథంలో, మనిషి ‘నేను’ అనుకునేదానిలో అతని ఒళ్ళే కాక ఇల్లు, బట్టలు, ఆస్తి కూడా కలిసి ఉంటాయన్నాడు. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1908లో పిసినారితనాన్నీ మొండితనాన్నీ అతిక్రమబద్ధతనూ ఒకే స్వభావం కింద కట్టాడు. ఎరిక్ ఫ్రామ్ 1947లో, కూడబెట్టి దాచుకోవడంలోనే భద్రత వెతుక్కునేవారిని ఒక ప్రత్యేక తరహా మనుషులుగా వర్ణించాడు. ఈ రచనల్లో దాచుకునేవాడంటే చేతి నుంచి పైసా రాలని, మనుషులతో పొసగని వ్యక్తి. తర్వాత జరిగిన పరిశోధనలో ఈ బొమ్మ నిలవలేదు.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథాన్ని డీఎస్ఎం అంటారు. 1987, 1994 నాటి ప్రచురణల్లో ఈ లక్షణం విడిగా లేదు. ఒక రకం వ్యక్తిత్వ లోపానికి చెప్పిన అనేక గుర్తుల్లో ఒకటిగా, అరిగిపోయిన, విలువలేని వస్తువులను వాటితో ఏ జ్ఞాపకమూ ముడిపడి లేకపోయినా పారేయలేకపోవడం అని రాశారు. మమకారం ఉన్న వస్తువును దాచుకుంటే అది లెక్కలోకి రాదన్నమాట. తీరా రోగుల్ని అడిగి చూస్తే వాళ్ళు చెప్పింది దీనికి పూర్తిగా తలకిందులు.

అలా అడిగి చూసిన వ్యక్తి మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్మిత్ కాలేజీ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ర్యాండీ ఫ్రాస్ట్. ఆయన విద్యార్థిని రేచెల్ గ్రాస్‌కు ఈ విషయం మీద ఆసక్తి కలిగింది. దాచుకునే అలవాటున్నవారు కావాలని స్థానిక పత్రికలో ప్రకటన ఇస్తే, ఒకరిద్దరు వస్తారనుకున్నచోట వందకు పైగా ఫోన్లు వచ్చాయి. వారిద్దరి పరిశోధన పత్రం 1993లో వెలువడింది. లేమిలో పెరిగినవాళ్ళే పెద్దయ్యాక ఇలా పోగుచేస్తారన్న నమ్మకానికి అందులో ఆధారం దొరకలేదు. కరువు చూసినవాళ్ళకు పారేయడానికి చెయ్యి రాదన్న మాట తెలుగు ఇళ్ళలోనూ వినిపిస్తుంది. పొదుపు అలవాటుకు అది వర్తించవచ్చు గానీ ఈ రుగ్మతకు వర్తించలేదు. 1996లో ఫ్రాస్ట్, తమారా హార్ట్‌ల్ కలిసి ప్రతిపాదించిన నమూనా ఇప్పటికీ ఈ రంగానికి పునాది. సమాచారాన్ని వడపోయడంలో లోపం, వస్తువులతో మితిమీరిన బంధం, వాటి గురించి పాతుకుపోయిన నమ్మకాలు, బాధ నుంచి తప్పించుకునే అలవాటు, ఈ నాలుగూ కలిసి రుగ్మతను నిలబెడతాయని అది చెబుతుంది. 2013 మేలో వచ్చిన డీఎస్ఎం అయిదో ప్రచురణ హోర్డింగ్‌ను స్వతంత్ర రుగ్మతగా చేర్చింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండో వర్గీకరణ కూడా దీన్ని విడిగా గుర్తించింది. డీఎస్ఎం నిర్వచనం వస్తువు అసలు విలువతో నిమిత్తం లేకుండా దాన్ని వదులుకోవడంలో ఎడతెగని కష్టం ఉండటంతో మొదలవుతుంది. దాచుకోవాలన్న అవసరం తోచడం, పారేస్తే బాధ కలగడం ఆ కష్టానికి కారణాలుగా ఉండాలంటుంది. గదులు నిండిపోవడం ఆ తర్వాతే వస్తుంది.

పారేయాల్సిన క్షణం

ఈ రుగ్మత ఉన్నవారు బద్ధకస్తులని బయటివారు అనుకుంటారు. వాళ్ళు సర్దుకోవడానికి కూర్చున్నప్పుడు పక్కన ఉండి చూస్తే ఆ మాట అనలేరు. గుట్టలోంచి ఒక కాగితం తీస్తారు. మొదటి నుంచి చివరిదాకా చదువుతారు. ముఖ్యమైనదే అనిపిస్తుంది. ఎక్కడ పెట్టాలో తేలదు. బీరువాలో పెడితే కంటికి కనిపించక మర్చిపోతామేమోనని గుట్ట మీదే, పైకి కనిపించేలా పెడతారు. ఇంకో కాగితం తీస్తారు. అదీ ముఖ్యమైనదే, మొదటిదాని మీదికి చేరుతుంది. రెండు గంటలు కష్టపడ్డాక గుట్ట అటుది ఇటు మారుతుంది తప్ప తరగదు. కరెంటు బిల్లు, నోటు కాగితం, చాక్లెట్ రేపరు, బంగారం రసీదు అన్నీ ఒకేచోట కలిసిపోవడానికి కారణం ఈ కలియబెట్టడమే. మనిషి ఒళ్ళు మాత్రం అలిసిపోతుంది.

వర్గాలుగా విడదీయడం వీరికి కష్టమని ప్రయోగాల్లోనూ తేలింది. ఇతరుల వస్తువులిస్తే మామూలుగానే విడదీస్తారు. తమ వస్తువుల దగ్గరికి వచ్చేసరికి ప్రతిదీ ప్రత్యేకంగా కనిపించి, ప్రతిదానికీ ఒక విడి కుప్ప కావాల్సి వస్తుంది. జ్ఞాపకశక్తి మీద నమ్మకం కూడా తక్కువే. పారేస్తే అందులోని విషయం శాశ్వతంగా పోతుందని, మళ్ళీ గుర్తు చేసుకోలేమని గట్టిగా నమ్ముతారు.

ఫ్రాస్ట్, బోస్టన్ యూనివర్సిటీకి చెందిన గెయిల్ స్టెకెటీ కలిసి 2010లో రాసిన ‘స్టఫ్’ అనే పుస్తకంలో ఒక మహిళ కథ ఉంది. చికిత్సలో భాగంగా ఆమె ఒక పాత కవరును పారేయాల్సి వచ్చింది. ఏటీఎంలో డబ్బు తీసినప్పటి కవరు అది. తీసిన తేదీ, ఆ డబ్బు దేనికి ఖర్చయిందీ దానిమీద ఆమే రాసుకుంది. అందులో దాచాల్సిన సమాచారమేదీ లేదని ఆమెకూ తెలుసు. అయినా చెత్తబుట్టలో వేస్తూ ఏడ్చింది. జీవితంలో ఆ రోజునే పోగొట్టుకుంటున్నట్టుంది అన్నది ఆమె చెప్పిన మాటల సారాంశం. బయటివారికి అది ఖాళీ కవరు, ఆమెకు గడిచిన ఒక రోజుకు మిగిలిన సాక్ష్యం.

వస్తువు వెనక ఉన్నది

వస్తువుల్ని ఉంచుకోవడానికి రోగులు చెప్పే కారణాలు వింటే అవి మామూలు మనుషులు చెప్పేవే. ఎప్పటికైనా పనికొస్తుంది, పారేస్తే దండగ, ఇది అమ్మ ఇచ్చింది అనుకోని ఇల్లు ఉండదు. తేడా అంతా మోతాదులోనూ, ఎన్ని వస్తువులకు ఆ మాట వర్తిస్తుందన్నదానిలోనూ ఉంది.

జ్ఞాపకం ఒక కారణం. అవకాశం ఇంకొకటి, దీనికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. ఇంటినిండా వంటల పుస్తకాలు పెట్టుకున్న మనిషి ఆ వంటలన్నీ ఏదో ఒకరోజు చేయగలిగే తనను ఊహించుకుంటాడు. ఎప్పుడో నేర్చుకుందామని కొన్న కుట్టుమిషను, చదువుదామని ఉంచిన పత్రికలు, బాగుచేయిద్దామని పెట్టిన రేడియో, వీటిని పారేయడమంటే ఆ పని ఇక జరగదని ఒప్పుకోవడమే. జరిగిపోయినదాన్ని వదులుకోవడం కంటే జరగబోయేదాన్ని వదులుకోవడమే కొందరికి ఎక్కువ బాధ.

బాధ్యత మరొక కారణం. వస్తువు వృథా కాకూడదు, దానికి తగిన చోటికి చేరాలి, ఆ చోటు దొరికేవరకు కాపాడటం తన విధి అనుకుంటారు. దీనికి తోడు తప్పు జరగకూడదన్న పట్టుదల కూడా ఎక్కువే. పేపరు పారేయాలంటే ముందు మొత్తం చదవాలి, పనికొచ్చే ముక్క ఉంటే కత్తిరించాలి, అది ఎవరికి ఉపయోగపడుతుందో వారికి పంపాలి. సగంసగం చేసేకంటే చేయకుండా ఉంచడమే మేలనిపించి పేపర్లు అలాగే మిగిలిపోతాయి. తాము పోగుచేసినవి వేరేవాళ్ళు తాకితే, జరిపితే చాలామందికి కోపం వస్తుంది. తమకు చెప్పకుండా ఒక్క డబ్బా చోటు మారినా ఇంట్లోకి ఎవరో చొరబడినట్టు ఉంటుందంటారు.

వస్తువులకు మనసున్నట్టు తోచడం కూడా వీరిలో ఎక్కువేనని పరిశోధనలు చూపించాయి. చెత్తబుట్టలో పడేస్తే బొమ్మ బాధపడుతుందని, షెల్ఫు మీద ఒంటరిగా మిగిలిన కప్పు దిగులు పడుతుందని చిన్నపిల్లలు అనుకున్నట్టే పెద్దవాళ్ళూ అనుకుంటారు. అది నిజం కాదని తెలిసినా ఆ భావన పోదు. మనుషులతో బంధాలు తెగిపోయినవారిలో, చిన్నప్పుడు ఆప్యాయత దొరకనివారిలో వస్తువులతో బంధం గట్టిపడుతుందని కొందరు పరిశోధకులు వాదిస్తారు. మనుషులు వదిలిపోతారు, వస్తువులు పోవు. వాటి మధ్య ఉంటే గూట్లో ఉన్నంత భద్రంగా ఉంటుందని రోగులు చెప్పడం మామూలే. ఆ గుట్టలే మీద పడి ప్రాణం తీసే ప్రమాదం ఉన్నా ఆ భద్రతా భావం చెక్కుచెదరదు.

కోలియర్ అన్నదమ్ములు

ఈ రుగ్మత గురించి మాట్లాడేటప్పుడు అమెరికాలో ముందుగా తలచుకునేది న్యూయార్క్ హార్లెం ప్రాంతంలోని హోమర్, లాంగ్లీ కోలియర్‌లను. డాక్టర్ గారి కొడుకులు. హోమర్ లా చదివాడు, లాంగ్లీకి పియానో వాయించడం ప్రాణం. తల్లిదండ్రులు పోయాక ఇద్దరూ ఫిఫ్త్ అవెన్యూలోని సొంత ఇంట్లో తలుపులు మూసుకుని ఉండిపోయారు. 1930లలో హోమర్‌కు చూపు పోయింది. తమ్ముడే అన్నం పెట్టాడు, చూపు తిరిగి వస్తుందన్న నమ్మకంతో వారానికి వంద నారింజపళ్ళు తినిపించాడు. ఇంట్లోకి వచ్చిన న్యూస్‌పేపర్లలో ఒక్కటీ పారేయలేదు. అన్నయ్యకు చూపొచ్చాక ఇన్నేళ్ళ వార్తలూ చదువుకోవాలి కదా అన్నది అతని సమాధానం.

1947 మార్చి 21న వచ్చిన ఒక ఫోన్ కాల్‌తో పోలీసులు ఆ ఇంటికి వెళ్ళారు. తలుపు వెనక గోడలా సామాను అడ్డుపడటంతో పై అంతస్తు కిటికీలోంచి దిగాల్సి వచ్చింది. హోమర్ చనిపోయి ఉన్నాడు. లాంగ్లీ కోసం ఊరూరా వెతికారు. ఇల్లు ఖాళీ చేస్తూ పోగా ఏప్రిల్ 8న అన్న శవం దొరికిన చోటికి పదడుగుల దూరంలోనే అతనూ దొరికాడు. దొంగలు రాకుండా పేపర్ల కట్టల మధ్య తానే పన్నిన ఉచ్చు తన మీదే కూలింది. అన్నకు భోజనం తీసుకెళ్తూ సొరంగంలాంటి దారిలో పాక్కుంటూ వస్తుండగా జరిగింది. చూసుకునే దిక్కులేక హోమర్ ఆకలితో పోయాడు. ఆ ఇంట్లోంచి 120 టన్నులకు పైగా సామాను బయటికి తీశారు. అందులో 14 పియానోలు, తండ్రి వైద్య సామగ్రి, వేల పుస్తకాలు, ఒక పాత ఫోర్డు కారు చట్రం ఉన్నాయి. సామానుతో కిక్కిరిసిన ఇంటిని న్యూయార్క్ అగ్నిమాపక సిబ్బంది ఇప్పటికీ కోలియర్ల ఇల్లు అంటారు.

వారిద్దరినీ ఏ మానసిక వైద్యుడూ పరీక్షించలేదు కాబట్టి రోగ నిర్ధారణ అంతా చనిపోయిన తర్వాతి ఊహే. ఆనాటి పత్రికలు వారిని పిచ్చి సన్నాసులుగా చూపించాయి. పేపర్ల విషయం ఒక్కటి చూసినా ఆ వర్ణన పొసగదు. ఒక్క పేపరు పారేసినా అన్నకు చూపు రాదని ఒప్పుకున్నట్టే అయ్యేది.

మెదడులో జరిగేది

పారేయాలా వద్దా అని తేల్చుకునే క్షణంలో మెదడును చూసిన ముఖ్యమైన అధ్యయనం 2012లో వచ్చింది. డేవిడ్ టోలిన్ బృందం హోర్డింగ్ రుగ్మత ఉన్న 43 మందిని, అక్కర్లేని ఆలోచనలు, చేష్టలు పదేపదే వేధించే ఓసీడీ అనే రుగ్మత ఉన్న 31 మందిని, ఏ రుగ్మతా లేని 33 మందిని తీసుకుంది. అందరినీ ఇంటి నుంచి తమ పేపర్లు, ప్రకటనల కాగితాలు తెచ్చుకోమన్నారు. స్కానర్‌లో పడుకోబెట్టి ఒక్కో కాగితం ఫొటో చూపిస్తూ ఉంచాలా చింపాలా అని అడిగారు. కొన్ని వారి సొంతవి, కొన్ని ప్రయోగశాలవి. చింపమన్న కాగితాలు నిజంగానే ముక్కలు చేసే యంత్రంలోకి వెళ్ళాయి. అందరికంటే తక్కువ కాగితాలు వదులుకున్నది హోర్డింగ్ వర్గమే. మెదడులో యాంటీరియర్ సింగ్యులేట్, ఇన్సులా అనే భాగాలు ఉన్నాయి. ఏది ముఖ్యం, ఏది కాదు, తప్పు చేస్తున్నామా అని పసిగట్టే పనిలో వీటికి పాత్ర ఉంది. ఇతరుల కాగితాల విషయంలో హోర్డింగ్ వర్గంలో ఈ భాగాలు మామూలు కంటే మందకొడిగా ఉన్నాయి. తమ కాగితం వచ్చేసరికి మితిమీరి పనిచేశాయి. తేల్చుకోలేకపోతున్నామన్న భావన, ఏదో సరిగా లేదన్న అలజడి ఎక్కువగా ఉన్నవారిలో ఆ తీవ్రత కూడా ఎక్కువ. తపాలాలో వచ్చిన ఉచిత ప్రకటన కాగితం మీద కూడా మెదడు చావుబతుకుల నిర్ణయం తీసుకుంటున్నంత హడావిడి పడిందన్నమాట.

మెదడు దెబ్బతిన్నవారిపై 2005లో జరిగిన మరో అధ్యయనంలో, ఒక భాగానికే గాయమైన 86 మందిలో 13 మంది ఆ గాయం తర్వాతే విచ్చలవిడిగా వస్తువులు పోగుచేయడం మొదలుపెట్టారు. వారందరిలోనూ మెదడు ముందుభాగపు లోపలి ప్రాంతం దెబ్బతిని ఉంది. వంశపారంపర్యం కూడా ఉంది. బ్రిటన్ కవలలపై 2009లో జరిగిన పరిశోధన ఆడవారిలో ఈ లక్షణపు తేడాల్లో దాదాపు సగం జన్యువుల వల్లేనని లెక్కగట్టింది. హోర్డింగ్ ఉన్నవారిలో సగం మంది దాకా తమ బంధువుల్లోనూ అలాంటివారున్నారని చెబుతారు.

బాధ నుంచి తప్పించుకోవడం

బాధ ఒక్కటే రుగ్మతను నిలబెట్టదు. బాధ మొదలవగానే వస్తువును తిరిగి పెట్టేస్తే వెంటనే ప్రాణం కుదుటపడుతుంది. ఆ ఊరట ఒక బహుమతిలా పనిచేసి, మళ్ళీ అలాంటి సందర్భం వచ్చినప్పుడు అదే పని చేయిస్తుంది. పారేస్తే ఏమవుతుందో చూసే అవకాశం ఎప్పటికీ రాదు. ఆ బాధ కాసేపటికి తగ్గుతుందని, నాలుగు రోజులకు ఆ వస్తువు గుర్తు కూడా రాదని అనుభవంలోకి రాదు. దీంతో భయం ఎన్నేళ్ళయినా మొదటి రోజు ఎంత ఉందో అంతే ఉంటుంది. బాధను ఓర్చుకునే శక్తి తమకు లేదని నమ్మేవారిలో హోర్డింగ్ లక్షణాలు ఎక్కువగా ఉండటం ఈ వివరణకు బలం.

దీనికి ఇంకో వైపు సంతోషం ఉంది. కొత్త వస్తువు తెచ్చుకున్నప్పుడు, గుట్టలోంచి మర్చిపోయినదేదో బయటపడినప్పుడు కలిగే ఆనందం నిజమైనదే. ఓసీడీలో చొరబడే ఆలోచనలు మనిషికి పరాయిగా, అసహ్యంగా తోస్తాయి. దాచుకోవాలన్న కోరిక మాత్రం తనదే అనిపిస్తుంది. హోర్డింగ్ ఉన్నవారిలో ఓసీడీ కూడా ఉన్నవారు అయిదో వంతు మాత్రమే. దానికంటే ఎక్కువగా కనిపించే తోడు తీవ్రమైన కుంగుబాటు, సుమారు సగం మందిలో ఉంటుంది. ఆత్మీయులు పోవడం, విడాకులు, హింస వంటి ఘటనల తర్వాత లక్షణాలు మొదలయ్యాయనో ముదిరాయనో చాలామంది చెబుతారు. భర్త పోయాక ఆయన బట్టలు కొన్నాళ్ళు ఉంచుకోవడం దుఃఖంలో సహజం. ఆ తర్వాత వచ్చిన ప్రతి కవరుకూ అదే దుఃఖం అంటుకుంటే అది వేరే సంగతి.

ఏది రుగ్మత, ఏది కాదు

నాణేలో స్టాంపులో సేకరించేవారికి ఒక పద్ధతి ఉంటుంది. ఏది కావాలో ఏది అక్కర్లేదో తెలుసు, సర్దుకుంటారు, పదిమందికి చూపించి మురుస్తారు. హోర్డింగ్ ఉన్నవారు ఎవరైనా వస్తారేమోనని తలుపు తీయడానికే భయపడతారు. కుంగుబాటులో ఓపిక లేక ఇల్లు చెత్తగా మారడం, మతిమరుపు జబ్బులో ఎందుకో తెలియకుండా వస్తువులు మూటగట్టడం ఈ రుగ్మత కిందికి రావు. ఆ ఇళ్ళను వేరేవాళ్ళు శుభ్రం చేస్తే సాధారణంగా ఆ మనిషికి గుండె కోత ఉండదు. నిర్ధారణలో వైద్యులు పట్టించుకునే తేడా ఇదే.

తెలుగు ఇళ్ళలో అటక నిండా సామాను ఉండటం కూడా రుగ్మత కాదు. వంట, పడక, నడక సాగే గదులు నిండాయా లేదా అన్నదే నిర్వచనానికి ముఖ్యం. అటకలు, గిడ్డంగులు ఆ లెక్కలోకి రావు. నిజానికి తెలుగువారి సంప్రదాయంలో వస్తువును సాగనంపే దారులు చాలానే ఉన్నాయి. భోగి మంటలో పాతవి వేయడానికి ఏటా ఒక రోజు ఉంది. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళు, పేపర్లు తూకానికి కొనేవాళ్ళు వీధిలోకే వచ్చేవారు. పారేయడానికి చెయ్యి రానివారికి కూడా మార్చుకోవడానికి, ఇచ్చేయడానికి మనసొప్పుతుంది. వస్తువు వృథా కాలేదన్న తృప్తి మిగులుతుంది కాబట్టి. మంచిచోటికి చేరుతుందంటే వదులుకోవడం తేలికవుతుందని చికిత్సకులు కూడా గమనించారు. అయితే రుగ్మత ఉన్నవారిలో ఆ మంచిచోటు కోసం చేసే వెతుకులాటే ఏళ్ళకేళ్ళు సాగి వాయిదాకు సాకు అయ్యే ప్రమాదం ఉంది.

తీవ్రతను కొలవడానికి ప్రశ్నావళులున్నాయి. 2004లో వెలువడిన 23 ప్రశ్నల కొలమానం గదుల్లో సామాను పేరుకుపోవడం, పారేయలేకపోవడం, అతిగా తెచ్చుకోవడం మూడింటినీ విడివిడిగా లెక్కిస్తుంది. వస్తువుల గురించిన ఆలోచనల్ని కొలిచే 24 ప్రశ్నల పట్టిక మమకారం, జ్ఞాపకం, అధికారం, బాధ్యత అనే నాలుగు పాళ్ళుగా ఉంటుంది. 2008లో ప్రచురించిన ఇంకో పద్ధతిలో వంటగది, పడకగది, హాలు ఒక్కోదానికి ఖాళీ గది నుంచి కిక్కిరిసిన గది దాకా వరసగా తొమ్మిదేసి ఫొటోలు చూపించి మీ ఇల్లు దేనిలా ఉందో వేలు పెట్టి చూపించమంటారు. మాటల్లో కొంచెం చిందరవందరగా ఉందంతే అన్నవారు ఏడో ఫొటో చూపించిన సందర్భాల్లో ఆ పద్ధతి విలువ తెలుస్తుంది.

జంతువుల్ని పోగుచేయడం ఇందులో మరింత విషాదకరమైన రూపం. గ్యారీ పాట్రోనెక్ అనే పశువైద్యుడు 1999లో దీన్ని నిర్వచించాడు. సరైన తిండి, శుభ్రత, వైద్యం ఇవ్వలేనన్ని జంతువుల్ని ఇంట్లో పెట్టుకుంటారు, వాటి దుస్థితి కళ్ళెదుట ఉన్నా చూడలేరు. వాటిని కాపాడుతున్నది తామొక్కరేనన్న నమ్మకమే ఒక్కదాన్నీ వదులుకోనివ్వదు.

కుటుంబం, బలవంతపు ఖాళీ

పోగుపడ్డ ఇళ్ళలో నిప్పు అంటుకుంటే బయటికి దారి ఉండదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ అగ్నిమాపక విభాగం 1999–2009 మధ్య లెక్కల్ని పరిశీలిస్తే, ఇళ్ళ మంటల్లో నివారించదగిన మరణాల్లో 24 శాతం హోర్డింగ్ ఇళ్ళలోనే జరిగాయి. అందుకే అధికారులు, ఇంటి యజమానులు, బంధువులు ఇల్లు ఖాళీ చేయించడానికి తొందరపడతారు. మనిషి ఊళ్ళో లేనప్పుడు పిల్లలంతా కలిసి లారీకి ఎత్తించడం అందరికీ తట్టే ఉపాయం. తిరిగొచ్చినవారికి అది ఇల్లు దోచుకున్నట్టే ఉంటుంది. నమ్మకం పోతుంది, దుఃఖం, కోపం, కుంగుబాటు ముదురుతాయి. సామాను పోయింది గానీ తేల్చుకోవడం నేర్చుకోలేదు కాబట్టి ఇల్లు మళ్ళీ నిండుతుంది. అమెరికాలో 2009 నుంచి ప్రసారమైన రియాలిటీ షోలు రోజుల వ్యవధిలో ఇల్లు ఖాళీ చేయడాన్నే చూపించి ఈ పద్ధతికి లేని పరువు తెచ్చాయి.

కుటుంబ సభ్యుల బాధ కూడా తక్కువది కాదు. ఇలాంటి ఇళ్ళలో పెరిగిన పిల్లలు స్నేహితుల్ని ఇంటికి పిలవలేరు, ఒక పక్కన కూర్చుని చదువుకోవడానికి చోటుండదు. తమకంటే కాగితాలే ఎక్కువయ్యాయన్న కోపం పెద్దయ్యాకా పోదు. ఏది పారేయాలన్నా గొడవే కాబట్టి కొందరు మాట్లాడటమే మానేస్తారు. ఆ ఒంటరితనంలో వస్తువుల విలువ ఇంకా పెరుగుతుంది.

చికిత్స

ఆలోచనల్నీ అలవాట్లనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో స్టెకెటీ, ఫ్రాస్ట్ 2007లో ప్రచురించిన పద్ధతి దీనికి ప్రధాన చికిత్స. 26 దాకా సెషన్లు ఉంటాయి, కొన్ని రోగి ఇంట్లోనే జరుగుతాయి. అనుమతి లేకుండా చికిత్సకుడు ఏ వస్తువునూ ముట్టుకోడు, పారేయడు. మొదట మారాలన్న కోరిక ఎంత ఉందో మాట్లాడి పెంచుతారు, ఎందుకంటే చాలామంది ఇంట్లోవాళ్ళ ఒత్తిడి మీదే వస్తారు. తర్వాత వస్తువుల్ని చేతిలోకి తీసుకునే అభ్యాసం మొదలవుతుంది.

తేలికైనదానితో మొదలుపెడతారు. ఉదాహరణకు ఒక పాత వారపత్రిక. పారేస్తే ఎంత బాధ కలుగుతుందో 0 నుంచి 100 మధ్య అంకె చెప్పమంటారు. ఆ బాధ ఎన్నాళ్ళుంటుందో కూడా ఊహించమంటారు. మనసులో ఏముందో పైకి చెబుతూ ఉండాలి. ఇందులో ఏముంది, చివరిసారి ఎప్పుడు తెరిచారు, అవసరమైతే మళ్ళీ ఎక్కడైనా దొరుకుతుందా అని చికిత్సకుడు అడుగుతాడు తప్ప పారేయమని చెప్పడు. నిర్ణయం రోగిదే. పత్రిక సంచిలోకి వెళ్ళాక అంకె మళ్ళీ అడుగుతారు, పది నిమిషాలకు మరోసారి, మరుసటి రోజు ఇంకోసారి. ఊహించినంత బాధ రాలేదని, వచ్చినది కూడా తగ్గిందని తన అంకెల్లోనే రోగికి కనిపిస్తుంది. అటుపైన ఉత్తరాలు, ఫొటోలు, చనిపోయినవారి వస్తువుల వంటి బరువైనవాటికి వెళతారు. కొత్తవి తెచ్చుకోకుండా ఉండే అభ్యాసం కూడా సమాంతరంగా సాగుతుంది. బజారుకు వెళ్ళి నచ్చినదాన్ని చూసి ఖాళీ చేతులతో తిరిగి రావాలి.

వస్తువును ఫొటో తీసి దాచుకుని అసలుదాన్ని ఇచ్చేయడం చాలామందికి సాయపడే చిట్కా. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ హాస్టళ్ళలో మామూలు విద్యార్థులపై చేసిన ప్రయోగం 2017లో వెలువడింది. జ్ఞాపకంగా ఫొటో తీసుకుని వస్తువును దానం చేయమని ప్రచారం చేసిన హాస్టళ్ళలో విరాళాలు దాదాపు 15 శాతం ఎక్కువ వచ్చాయి. రుగ్మత ఉన్నవారి విషయంలో ఈ చిట్కాను చూసి వాడాలి. ఫొటోలు కూడా వేలల్లో పోగుపడతాయి.

ఫలితాలు ఆశాజనకమే గానీ గొప్పవి కావు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో చేసిన విశ్లేషణలో పారేయలేని కష్టం బాగానే తగ్గిందని తేలింది. అయినా చికిత్స ముగిశాక కూడా చాలామంది మార్కులు మామూలు మనుషుల కంటే రుగ్మత స్థాయికే దగ్గరగా ఉన్నాయి. మందుల్లో పారోక్సెటీన్, వెన్‌లాఫాక్సిన్ వంటివి కొన్ని చిన్న అధ్యయనాల్లో మేలు చేశాయి. ప్రత్యేకంగా ఈ రుగ్మతకంటూ ఆమోదం పొందిన మందు మాత్రం లేదు. తోడుగా ఉన్న కుంగుబాటుకు మందులు వాడటం మామూలు. భారతదేశంలో హోర్డింగ్ కోసం విడిగా నడిచే కేంద్రాలు అరుదు కాబట్టి ఓసీడీ, కుంగుబాటు చూసే మానసిక వైద్యుల దగ్గరికే వెళ్ళాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ఫోన్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ తొలి సలహా ఇస్తుంది.

చికిత్సకులు తక్కువగా ఉన్నచోట పనికొచ్చే ఇంకో మార్గం సామూహిక అభ్యాసం. ‘బరీడ్ ఇన్ ట్రెజర్స్’ అనే పుస్తకాన్ని ముందు పెట్టుకుని పది పన్నెండు మంది వారం వారం కలుస్తారు, ఒక్కొక్కరూ ఇంటి నుంచి తెచ్చిన సంచిని అందరి ముందూ విప్పి తేల్చుకుంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 323 మందితో జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో, మనస్తత్వ నిపుణులు నడిపిన బృందాలనూ, హోర్డింగ్ సమస్యను స్వయంగా అనుభవించినవారు నడిపిన బృందాలనూ పోల్చి చూశారు. మెరుగుదల రెండింటిలోనూ దాదాపు సమానంగానే ఉంది.